ఏడేళ్లయినా మా సంఘంలో నేను అతిథినే

సంపాదకుల వారికి నమస్కారాలు.

క్రైస్తవ సంఘాల గురించి పత్రికల్లో వార్త వచ్చిందంటే అది సాధారణంగా క్రిస్మస్ వేడుకల గురించో, గుణదల ఉత్సవాల గురించో, లేదా సంఘాల ఎన్నికల తగాదాలు, మిషను ఆస్తుల వ్యాజ్యాల గురించో ఉంటుంది. నేను రాయబోయే విషయం పోలీసు స్టేషను దాకా గానీ కోర్టు దాకా గానీ ఎన్నడూ వెళ్లేది కాదు కనుక వార్త కాలేదు. ఆదివారం ఆరాధనకు వచ్చి, అందరితో కలిసి పాడి, అందరితో కలిసి ప్రార్థించి, ఆ తర్వాత ఒక్కరితోనూ నాలుగు మాటలు మాట్లాడే వీలు లేక ఇంటికి వెళ్లిపోయేవాళ్ల గురించి ఈ ఉత్తరం. వాళ్లలో నేనూ మా వారూ ఉన్నాం.

నేను బొబ్బిలి ప్రాంతంలో చాలా ఏళ్లు తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి, 2018లో పదవీ విరమణ చేసి, మా అబ్బాయి ఉద్యోగం ఇక్కడ కావడంతో అదే ఏడాది జూన్‌లో మా వారితో కలిసి గుంటూరు వచ్చి స్థిరపడ్డాను. వచ్చిన రెండో ఆదివారమే ఇంటికి దగ్గరలో ఉన్న ఒక పాత సంఘానికి వెళ్లడం మొదలుపెట్టాం. బొబ్బిలి నుంచి తెచ్చుకున్న బదిలీ ఉత్తరం ఇచ్చి సభ్యులమయ్యాం. నాటి నుంచి చందా గానీ పండుగ కానుక గానీ ఒక్కసారీ తప్పలేదు. అయినా ఈ ఏడేళ్లలో ఆ సంఘంలో ఏ ఒక్కరి ఇంట్లోనూ నేను హాలు దాటి వంటింటి దాకా వెళ్లింది లేదు. పిలవకుండా మా గడప తొక్కినవాళ్లు, తర్వాత చెప్పబోయే ఒక్కాయన తప్ప, ఎవరూ లేరు.

సంఘం పేరు గానీ, అది ఏ మిషనుకు చెందినదన్న సంగతి గానీ రాయడం లేదు. ఆ సంఘంలో మంచివాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరి మీదా నాకు కోపం లేదు. పైగా గుంటూరులోనూ విజయవాడలోనూ వేర్వేరు మిషన్లకు చెందిన గుళ్లకు వెళ్లే నా పరిచయస్తులు, నా పాత విద్యార్థులు ఇదే అనుభవాన్ని ఇంచుమించు ఇవే మాటలతో చెప్పారు కాబట్టి ఇది ఒక్క ప్రహరీ లోపలి సంగతిగా అనిపించలేదు. దీన్ని సంఘంలోనే చెప్పుకోవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. పైకప్పు కారుతుంటే, లెక్కలు తేలకపోతే చెప్పడానికి కమిటీ ఉంది. 'నన్ను ఎవరూ కలుపుకోవడం లేదు' అని ఏ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి? పెట్టుకుంటే మరుసటి ఆదివారం నలుగురు వచ్చి జాలిగా పలకరిస్తారు, అది ఇంకా బాధగా ఉంటుంది.

ఆరాధన జరిగే రెండు గంటలూ నాకు ఏ కొరతా తెలియదు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన కీర్తనలే ఇక్కడా పాడతారు. కళ్లు మూసుకుంటే బొబ్బిలిలో కూర్చున్నట్టే ఉంటుంది. కష్టమంతా ఆశీర్వాదం అయిపోయి బయటికి వచ్చిన తర్వాతి పది నిమిషాలదే. ఆవరణలో వేపచెట్టు కింద ఒక జట్టు నిలబడుతుంది. వాళ్లు ఒకప్పుడు ఒకే మిషను బడిలో చదువుకున్నవాళ్లు, ఇప్పుడు వాళ్లలో వియ్యంకులైనవాళ్లు కూడా ఉన్నారు. సండే స్కూలు గది మెట్ల మీద ఇంకో జట్టు. వాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి కలిసి ఉద్యోగం చేసిన నర్సులు. గోడ పక్కన మోటారు సైకిళ్ల దగ్గర పాటలు పాడే పిల్లలు. ఏడేళ్లలో ఈ చోట్లు మారలేదు, చోట్లలోని మనుషులూ మారలేదు. మేము చెప్పులు వేసుకుని 'వందనాలండీ' అంటూ నడుస్తాం. వాళ్లూ నవ్వుతూ 'వందనాలండీ, బాగున్నారా?' అంటారు. మేము జవాబు చెప్పేలోపే వాళ్ల ముఖాలు మళ్లీ జట్టులోకి తిరిగిపోతాయి, అక్కడ ఎవరి అమ్మాయికో సంబంధం కుదిరిన మాట సగంలో ఆగి ఉంటుంది. ఆ నవ్వులో కల్మషం లేదని నాకు తెలుసు. తెలిసినా, గేటు దగ్గర ఆటో కోసం చూసే ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికి మా వారు ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నారు. ఆశీర్వాదం అందుకోకుండా గుడి నుంచి బయటికి రావడం ఆయన జీవితంలో అంతకుముందు ఎన్నడూ చేయని పని.

మొదటి రెండు నెలల్లో అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: 'మీరు ఎవరి తాలూకండీ?' ఫలానా అయ్యగారి తాలూకానా, ఫలానా మాస్టారి తాలూకానా, తెనాలి వాళ్లా, రేపల్లె వాళ్లా, నరసరావుపేట వాళ్లా? మాది బొబ్బిలి, ఇక్కడ ఎవరి తాలూకూ కామండీ అంటే, 'అబ్బో, చాలా దూరం' అని అక్కడితో మాట అయిపోయేది. ఎవరి తాలూకో తెలిస్తే ఆ మనిషిని ఏ జట్టులో నిలబెట్టాలో వాళ్లకు తెలుస్తుంది. తెలియకపోతే నిలబెట్టడానికి చోటు దొరకదు.

ఇది ఒక్క రోజులో పుట్టిన అలవాటు కాదు, దాని వెనక చరిత్ర ఉంది. మన తెలుగు ప్రాంతంలో సువార్త ఒక్కొక్క మనిషిగా కాకుండా కుటుంబాలుగా, వాడలుగా, పల్లెలుగా వ్యాపించింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లు వేరువేరు మనుషులుగా ఆ ఒడ్డుకు చేరలేదు. అన్నదమ్ములు, వియ్యాలవారు, ఒకే కరువును కలిసి దాటినవాళ్లు కలిసి వచ్చారు. మిషను కాంపౌండులో పక్కపక్క ఇళ్లు, మిషను బడిలో పక్కపక్క బల్లలు, మిషను ఆసుపత్రిలో కలిసి చేసిన ఉద్యోగాలు ఆ బంధుత్వాన్ని తరతరాలుగా గట్టి చేశాయి. మొత్తం ఊరు వాళ్లను దూరం పెట్టిన రోజుల్లో వాళ్లకు వాళ్లే దిక్కు. ఈనాటికీ ఆ జట్లలో ఎవరింట్లోనైనా మరణం సంభవిస్తే గంటలోపు పది మంది చేరుకుని, సమాధి దగ్గర పని చూసేవాళ్లు చూస్తుంటే, మూడు రోజుల పాటు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా అన్నం తెచ్చి పెడతారు. నేను కళ్లారా చూశాను. అంత గట్టి ప్రేమను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే ఆ ప్రేమ పుట్టుకతోనో పెళ్లితోనో తప్ప అందకుండా పోతే, సంఘానికీ బంధువర్గానికీ తేడా ఏమిటన్నది నా బాధ.

ఇంకో సంగతీ చెప్పక తప్పదు. 'ఎవరి తాలూకు' అన్న ప్రశ్నలో కొన్నిసార్లు కులం దాగి ఉంటుంది. నోటితో ఎవరూ అడగరు. ఇంటిపేరు అడుగుతారు, పుట్టిన ఊరు అడుగుతారు, తాతగారి పేరు అడుగుతారు, తేలకపోతే ఏ మిషనులో పెరిగారని అడుగుతారు. లూథరన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా ఉండటం ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి, మిషను పేరుతోనే సగం జవాబు దొరుకుతుంది. ఊరికి ఎడంగా వాడలో ఉంచబడిన బాధ ఎలాంటిదో మన తాతముత్తాతలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాళ్ల మనుమలుగా పుట్టిన మనం గుడి ఆవరణలోనే ఒకరిని ఎడంగా నిలబెడుతున్నామంటే నాకు నిద్ర పట్టదు.

స్త్రీల కూడిక గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నేను బయటే ఉన్నానన్న సంగతి నాకు పూర్తిగా అర్థమైంది అక్కడే. ప్రతి మంగళవారం సాయంత్రం పాతిక మంది దాకా కూడతారు. నేను ఒక్క వారం కూడా మానకుండా దాదాపు ఏడాది వెళ్లాను. కూర్చోవడానికి కుర్చీ వేసేవారు, కీర్తన సంఖ్య చెప్పేవారు, ప్రార్థన చేయమని నా పేరూ పిలిచేవారు. ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడు మాత్రం 'మన పెద్దక్క గారి విషయం', 'ఆ పిల్లవాడి సంగతి', 'పోయిన వారం అనుకున్న ఇంటి విషయం' అనేవారు. పెద్దక్క గారు ఎవరో, పిల్లవాడికి ఏమైందో అందరికీ తెలుసు. నేను కళ్లు మూసుకుని, ఎవరి కోసం అడుగుతున్నానో తెలియకుండా దేవుణ్ణి అడిగేదాన్ని. ఒకసారి పక్కన కూర్చున్న ఆమెను మెల్లగా అడిగితే, 'అదొక పెద్ద కథలెండి' అంది. చెడ్డ మనసుతో అనలేదు. ఇంకొకరి ఇంటి గుట్టు కొత్తవాళ్లకు చెప్పకూడదని అనుకుంది. ఆమె అనుకున్నది సబబే. అయినా ఏడాది తర్వాత కూడా నేను కొత్తదాన్నే ఎలా అయ్యాను?

కూడిక అయ్యాక టీ, ఉప్మా గానీ పులిహోర గానీ ఉండేవి. వంతులవారీగా తెచ్చేవారు. ఆ వంతులో నా పేరూ రాయమని నాలుగైదు సార్లు అడిగాను. ప్రతిసారీ అదే జవాబు: 'మీకెందుకండీ శ్రమ? పెద్దవారు, హాయిగా కూర్చోండి. మేము మేము అనుకుని చేసుకుంటాంలెండి.' నాకంటే వయసులో పెద్దవాళ్లు ఆ వంతులో ఉన్నారు. గిన్నెలు కడిగేటప్పుడు వెళ్లి నిలబడ్డా, 'అయ్యో మీరొద్దండీ' అని చేతిలోది తీసుకునేవారు. మన ఇళ్లలో చుట్టానికి పీట వేసి కూర్చోబెడతాం. ఇంటి ఆడపడుచు మాత్రం తనంతట తాను లోపలికి వెళ్లి కూర గిన్నె మూత తీస్తుంది. నన్ను వాళ్లు ఎంతో మర్యాదగా పీట మీదే ఉంచేశారు. బైబిల్లో ఎఫెసీయులకు రాసిన లేఖలో పౌలు భక్తుడు విశ్వాసులను ఇక పరదేశులు కారని, దేవుని ఇంటివారని అన్నాడు. ఇంటివారన్న మాటకు పని కూడా అర్థంలో ఒక భాగమేనని నేను అనుకుంటాను. నన్ను ఆదరించలేదని నా ఫిర్యాదు కాదు. ఇంటి పనిలో, ఇంటి బరువులో నాకు భాగం ఇవ్వలేదు. కొత్తగా వచ్చిన మనిషి ఎక్కువసార్లు అడిగేది ఆ భాగమే.

2020 మార్చిలో గుళ్లు మూతపడినప్పుడు ఆ దూరం ఇంకా తేటగా కనిపించింది. జూన్‌లో మళ్లీ తెరిచేదాకా జట్లన్నీ ఫోన్లలోకి మారాయి. ఎవరి వాట్సాప్ గ్రూపు వారిది, ఎవరి రాత్రి ప్రార్థన వారిది. మమ్మల్ని ఏ గ్రూపులోనూ చేర్చాలని ఎవరికీ తోచలేదు. సంఘం మొత్తానికి ఉన్న గ్రూపులో పాస్టరు గారి వాక్యం మాత్రం వచ్చేది. నిత్యావసరాలు అందాయా, మందులున్నాయా అని జట్లలో ఒకరినొకరు కనుక్కున్నారని తర్వాత విన్నాను. మా వీధిలో మమ్మల్ని అలా కనుక్కున్నది ఎదురింటి ముస్లిం కుటుంబం. ఆ సంగతిని కృతజ్ఞతతోనే రాస్తున్నాను.

2022లో మా వారికి గుండె జబ్బు వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆదివారం ఆరాధనలో ఆయన పేరు చదివి ప్రార్థన చేశారు. నాలుగు సంఘాలను ఒక్కరే చూసుకునే పాస్టరు గారు తొమ్మిదో రోజున తీరిక చేసుకుని వచ్చి ప్రార్థించి వెళ్లారు. ఆయనను నేను ఏమీ అనను. ఆయన కంటే ముందే, నాలుగో రోజు సాయంత్రం, గుడి కాపలా చూసుకుంటూ గంట కొట్టే పెద్దాయన సైకిలు మీద రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని వచ్చారు. ఆయనా ఇక్కడివాడు కాదు. పనికోసం పల్లె విడిచి వచ్చి గుడి వెనక గదిలో ఉంటున్న మనిషి. ఆయన మా వారి మంచం పక్కన ఓ గంట కూర్చుని వెళ్లారు, ఆ తర్వాతా అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి చూసి వెళ్తున్నారు. ఇక ఎవరూ రాలేదు. మా వారు కోలుకుని మళ్లీ ఆరాధనకు వెళ్లినప్పుడు ఆవరణలో చాలామంది ఆదుర్దాగా అడిగారు. ఒకరు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: 'మీ గ్రూపు వాళ్లు వచ్చి చూసుకుంటున్నారేమో అనుకున్నామండీ.' ప్రతి జట్టూ మమ్మల్ని ఇంకో జట్టు మనుషులమని అనుకుంది. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నారు. ఆ రోజు నుంచి మా వారు గుడికి వెళ్లడం తగ్గించారు. టీవీలో వచ్చే ఆరాధన చూస్తున్నారు. గుంటూరు, విజయవాడ రెండు నగరాల్లోనూ వేల మంది కూడే పెద్ద ప్రార్థనా మందిరాలు ఉన్నాయి, అక్కడికి వెళ్లేవాళ్లలో నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారని నా పరిచయాల వల్ల తెలుసు. అక్కడ ఎవరికీ ఎవరూ తెలియదు కాబట్టి తాను ఒక్కడే బయట ఉన్నానన్న బాధ ఉండదని ఒక విశ్రాంత ఉద్యోగి నాతో చెప్పారు. సంఘ క్రమాన్నంతటినీ నేర్చి పెరిగిన మనిషి నోట ఆ మాట వినడం నాకు చాలా కష్టంగా తోచింది.

ఇంతవరకు రాసింది చదివి, ఈమెకు తన తప్పు తెలియదనుకుంటారేమో. తెలుసు. బొబ్బిలిలో నేను ఇరవై ఏడేళ్లు అలాంటి ఒక జట్టు నడిమధ్యన ఉన్నాను. స్త్రీల కూడికకు కార్యదర్శిని. ప్రార్థన అంశాలను 'ఆ పిల్లవాడి సంగతి' అంటూ చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగం మీద బదిలీ అయి వచ్చిన ఒక కుటుంబం మా గుడికి రెండేళ్లు వచ్చింది. ఆమె చంకలో చిన్న పాపతో వెనక బల్ల మీద కూర్చునేది. వందనాలు చెప్పాను, నవ్వాను. వాళ్లు ఎప్పుడు మానేశారో నాకు తెలియదు, ఆమె పేరు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. అసలు ఎప్పుడైనా అడిగానా అన్న అనుమానం వస్తోంది. గుంటూరులో ఆటో కోసం నిలబడినప్పుడల్లా ఆమె ముఖం మాత్రం కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్లకు తలుపు మూసి ఉందని తెలియదు, ఎందుకంటే వాళ్లకు ఆ తలుపుతో ఎన్నడూ పని పడలేదు. అందువల్లనే వాళ్లను నిందించడం నాకు చేతకావడం లేదు, చెప్పకుండా ఊరుకోవడమూ చేతకావడం లేదు.

నేను అరవై దాటిన దాన్ని, ఇంట్లో భర్త, కొడుకు, కోడలు, మనుమరాలు ఉన్నారు. నా ఒంటరితనం ఎంతని? విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న నా పాత విద్యార్థిని ఒకతె హాస్టలులో ఉంటుంది. తాను వెళ్లే గుడిలో యౌవనస్థుల కూడికలో ఉన్నవాళ్లందరూ చిన్నప్పటి నుంచి అదే సండే స్కూలులో పెరిగినవాళ్లు. వాళ్ల మాటల్లో సగం పాత క్యాంపుల జ్ఞాపకాలు, మిగిలిన సగం ఇంగ్లీషు. మా వైపు యాసతో తాను ఏదైనా అంటే ముద్దుగా ఉందని నవ్వుతారట. వాళ్లకది ముద్దే, ఆ పిల్ల మాత్రం మాట్లాడటం మానేసింది. ఇంకో అబ్బాయి సంగతి ఇంకా బరువైనది. అతను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు కాడు. ఒంటరిగా నమ్మి, ఒంటరిగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంట్లో రానివ్వడం మానేశారు. బాప్తిస్మం రోజున సంఘమంతా చప్పట్లు కొట్టింది, సాక్ష్యం చెప్పమని మూడు నాలుగు కూడికల్లో నిలబెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 25న ఆరాధన అయ్యాక ఒకరినొకరు కౌగిలించుకుని, కేకు పంచుకుని, ఎవరి బంధువుల ఇళ్లకు వాళ్లు భోజనాలకు వెళ్లిపోయారు. అతను హాస్టలు గదికి వెళ్లి, మెస్ మూసి ఉంటే రోడ్డు మీద బండి దగ్గర ఇడ్లీ తిన్నాడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు, ఎవరినీ తప్పు పట్టకుండా చెప్పాడు. తన ఇంటినీ వాకిలినీ విడిచి వచ్చిన పిల్లవాడికి పండుగ పూట ఏ ఇంట్లోనూ ఒక విస్తరి పడలేదంటే, ఆ సంఘంలో ఎన్ని జట్లు ఎంత ప్రేమగా ఉన్నా నాకు సంతోషం కలగదు.

ఈ కష్టం మొదటి సంఘానికే వచ్చింది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, రోజూ పంచిపెట్టే ఆహారం విషయంలో గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టిందని ఉంది. నానా దేశాలవాళ్లు తమ తమ భాషల్లో సువార్త విన్న పెంతెకొస్తు దినం చూసిన సంఘంలోనే, భాష వేరైనందుకు కొందరు వరుసలో వెనకబడిపోయారు. అపొస్తలులు ఆ సణిగినవాళ్లను మందలించలేదు, అందరూ సమానమేనని ఒక ప్రసంగం చేసి ఊరుకోలేదు. ఏడుగురిని ఆ పనికి ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరి వైపు నుంచి ఫిర్యాదు వచ్చిందో, గరిటె ఆ వైపు వాళ్ల చేతికే ఇచ్చినట్టుంది. ఎన్నోసార్లు చదివిన ఆ అధ్యాయం, పులిహోర వంతు కోసం అడిగి లేదనిపించుకున్న తర్వాతే నాకు పూర్తిగా అర్థమైంది.

మన గుంటూరు మాటకు వస్తే, 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊళ్లో అడుగుపెట్టినప్పుడు ఆయన ఇక్కడ ఎవరి తాలూకూ కాడు; ఆయనకు ఇక్కడి భాష రాదు, బంధువు లేడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ దొర అండ దొరికింది కాబట్టి నిలబడ్డాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా అలా పరాయి నేల నుంచి వచ్చిన స్త్రీయే. ఈ నగరంలో లూథరన్ సంఘం వేళ్లూనుకోవడం ఒక పరదేశికి ఒకరు ఆసరా ఇవ్వడంతో మొదలైంది. ఇప్పుడు మళ్లీ పరదేశులు వస్తున్నారు. రాజధాని పనుల కోసం, ఆసుపత్రుల్లో ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం రాష్ట్రం నలుమూలల నుంచి గుంటూరు, విజయవాడలకు కుటుంబాలు తరలి వస్తూనే ఉన్నాయి; 2016లో హైదరాబాదు నుంచి సచివాలయంతో పాటు వచ్చిన ఉద్యోగుల్లో నాకు తెలిసినవాళ్లు ఇప్పటికీ పండుగకు, బంధువులున్న పాత సంఘానికి హైదరాబాదు వెళ్లివస్తారు.

నేను జట్లు ఉండకూడదని అనడం లేదు. ముప్పై ఏళ్ల స్నేహాన్ని నాకోసం విడగొట్టమని అడిగే మూర్ఖత్వం నాకు లేదు. అడిగేది చిన్న చిన్న పనులు. కొత్తవాళ్లు పని అడిగితే దయచేసి పని ఇవ్వండి. కుర్చీలు సర్దడమైనా, కానుక పట్టడమైనా, వంతులో ఒక వారం టీ కాయడమైనా సరే. గృహ ప్రార్థనలు ఎవరి స్నేహితుల ఇళ్లలో వాళ్లు పెట్టుకోవడంతో పాటు, ఒక వీధిలో ఉన్న సభ్యులందరినీ కలిపి ఆ వీధికి ఒకటి పెట్టండి. మా పక్క సందులోనే మా సంఘం కుటుంబాలు మూడు ఉన్నాయని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ల పేరు ఆరాధనలో చదివినప్పుడే, ఈ వారం ఫలానా వారు వెళ్లి చూస్తారని ఇంకో పేరు కూడా చదవండి. పేరు లేకపోతే అది అందరి పనీ అవుతుంది, చివరికి ఎవరూ వెళ్లరు. ప్రార్థన అంశం అందరి ముందు చెప్పదగినదైతే పూర్తిగా చెప్పండి, చెప్పదగనిదైతే మీలో మీరు ప్రార్థించుకోండి. కొత్త ముఖం కనిపిస్తే ఎవరి తాలూకని అడిగే ముందు ఎక్కడ ఉంటున్నారని, ఎలా వెళ్తారని అడగండి. దారి కలిస్తే కలిసి వెళ్లవచ్చు.

నేను చేతనైనది మొదలుపెట్టాను. సెప్టెంబరులో మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక జంట మా వెనక బల్ల మీద కూర్చుంది. ఆశీర్వాదం అయ్యాక గేటు వైపు నడవకుండా వాళ్ల దగ్గరికి వెళ్లాను. మరుసటి వారం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కూరగాయల సంచి ఆమె చేతికే ఇచ్చి వంకాయలు తరగమన్నాను. ఇద్దరం మాట్లాడుకుంటూ వండుకున్నాం. మా వారు ఆ రోజు చాలా సేపు నవ్వుతూ కూర్చున్నారు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. ఇంకొద్ది రోజుల్లో ప్రతి సంఘంలోనూ యౌవనస్థులు కేరల్స్‌కు, అంటే ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడటానికి, వెళ్లే ఇళ్ల జాబితా తయారు చేస్తారు. మేము గుంటూరు వచ్చిన మొదటి డిసెంబరులో నేను గుమ్మానికి నక్షత్రం కట్టి, అరిసెలు, కజ్జికాయలు చేసి, రాత్రి ఒంటి గంట దాకా మేలుకుని ఉన్నాను. డప్పు చప్పుడు పక్క వీధి దాకా వచ్చి వెనక్కి మళ్లిపోయింది. తర్వాత కనుక్కుంటే, పాత నోటు పుస్తకంలో ఉన్న ఇళ్లకే వెళ్తారని, అది పదిహేనేళ్ల కిందట రాసినదని తెలిసింది. రెండో ఏడాది అడిగి పేరు రాయించుకున్నాం. అడిగి రాయించుకోలేని వాళ్లు ఎందరో ఉంటారు. కాబట్టి ఈసారి గుంటూరు, విజయవాడ సంఘాల పెద్దలూ యౌవనస్థులూ ఆ పాత నోటు పుస్తకాన్ని పక్కన పెట్టి, సభ్యత్వ రిజిస్టరు ముందు పెట్టుకుని, హాస్టళ్లలో ఉంటున్న పిల్లల పేర్లు కూడా అడిగి తెలుసుకుని జాబితా రాయవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు.